నలభై ఒకటో శిలాఫలకం

విఘ్నేశ్వరుడికి నమస్కరించి కార్యం ఆరంభించడం మన పెద్దలు పెట్టిన ఆచారం. ఆ ఆచారాన్ని గుమ్మడిపాలెం రహదారి విస్తరణ మండలి పాటించినంత నిష్ఠగా ముల్లోకాలలో మరెవరూ పాటించి ఉండరు. ఎంత నిష్ఠ అంటే, మూడేళ్లుగా ఆ మండలి ఆరంభించడం తప్ప మరో పని పెట్టుకోలేదు.

గుమ్మడిపాలెం పట్టణానికి శివారు. దాని నడుమ నుంచి ఉత్తర దక్షిణాలుగా పోయేది మిల్లు రోడ్డు. అరవై అడుగుల ఆ రోడ్డు మీద బస్సులు, లారీలు, ఆటోలు, పాల బండ్లు, పెళ్లి బాజాలు, శవయాత్రలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని నడిచేవి. దానిని వంద అడుగులకు వెడల్పు చేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. వామనుడు మూడడుగులే అడిగాడు. మండలి ఇటు ఇరవై, అటు ఇరవై అడిగింది. రోడ్డుకు ఇరుపక్కల వారూ బలిచక్రవర్తి వంశంలో పుట్టినవారిలాగా అరుగులూ, మెట్లూ, మల్లెపందిళ్లూ ధారపోసి గోడలు వెనక్కి జరుపుకున్నారు. తేడా ఒక్కటే. వామనుడు దానం పుచ్చుకున్న మరుక్షణమే అడుగు వేశాడు. మండలి వేయలేదు.

వేయకపోవడానికి కారణం ఉంది. మొట్టమొదటి శంకుస్థాపన నాడు ఫలకం మీద ఒక మహనీయుడి పేరు పైన, మరొక మహనీయుడి పేరు కింద పడింది. కింద పడినవారు అలిగి, కొబ్బరికాయ కొట్టకుండానే కారెక్కారు. ఈ అపచారం పునరావృతం కారాదని మండలి అత్యవసరంగా సమావేశమై మూడు నిబంధనలు చేసింది.

మొదటిది: నాలుగువేల వంద అడుగుల రోడ్డును నలభై ఒక్క పనులుగా విభజించవలెను, ప్రతి పనికీ వేరే ముఖ్య అతిథి, వేరే శంకుస్థాపన, వేరే శిలాఫలకం ఉండవలెను. రెండవది: నలభై ఒక్క ఫలకాలూ ఆవిష్కృతమయ్యేదాకా ఎక్కడా పార వేయరాదు, ముందు ఫలకం వద్ద పని మొదలైనచో వెనుక ఫలకంవారు చిన్నబుచ్చుకొందురు. మూడవది: ఆవిష్కరించిన ఫలకాన్ని కదపరాదు, కప్పరాదు, దానికి వీపు చూపరాదు, చూపినచో దానిమీద పేరున్న మహనీయునికే వీపు చూపినట్లు భావించబడును.

మూడేళ్లలో నలభై ఫలకాలు లేచాయి. గంపెడు కంకర మాత్రం పడలేదు.

ఓరుగంటి పుండరీకాక్షం గారి ఇల్లు ఆ రోడ్డుకు తూర్పు వైపున ఉంది. ముప్పై నాలుగేళ్లు తపాలా శాఖలో పనిచేసి, ఎక్కడెక్కడి ఉత్తరాలనూ చేరవలసిన గుమ్మానికి చేర్చి, పోస్టుమాస్టరుగా పదవీ విరమణ చేసిన మనిషి. నిత్యం రామాయణంలో ఒక సర్గ పారాయణ చేయనిదే మజ్జిగ చుక్క కూడా ముట్టరు. ఆయన ఇంటి పూజగదిలో రెండడుగుల పంచలోహ సీతమ్మవారు ఉన్నారు.

ఒక్క సీతమ్మవారే. రాముడు లేడు. అందుకు ఒక కథ.

ఇరవై రెండేళ్ల కిందట కాలనీవారు చందాలు వేసుకుని సీతారామలక్ష్మణుల విగ్రహాలు చేయించారు. తీరా వచ్చాక, వాటిని తూర్పు వారు ఉంచుకోవాలా పడమటి వారు ఉంచుకోవాలా అని మాట పెరిగి, కుర్చీలు లేచాయి. అప్పుడు ఒక పెద్దావిడ, "పెళ్లికి ముందు పిల్లా పిల్లవాడూ ఒకే ఇంట్లో ఉంటారటయ్యా? పిల్ల పుట్టింట ఉంటుంది. పిల్లవాడు వాళ్లింట ఉంటాడు," అని తీర్పు చెప్పింది. అంతే. సీతమ్మ తూర్పున పుండరీకాక్షం గారింటికి, రామలక్ష్మణులు పడమట ఇనుపసామాన్ల దుకాణం వీరభద్రయ్య గారింటికి వెళ్లారు. ప్రతి శ్రీరామనవమికీ తూర్పు వారు ఆడపెళ్లివారై పల్లకిలో పిల్లను మోసుకుని రోడ్డు దాటుతారు. పడమటి వారు మగపెళ్లివారై, వీరభద్రయ్య గారి వీధి మొగలో వేసిన చలువపందిరి దగ్గర ఎదురుకోలు చేస్తారు. కన్యాదాత పుండరీకాక్షం గారు, కాళ్లు కడిగించుకునేది వీరభద్రయ్య గారు. పదహారు రోజుల పండుగ అయ్యాక పిల్ల పుట్టింటికి తిరిగి వస్తుంది. ఈ వియ్యంతో ఆ ఇద్దరూ ఏడాది పొడుగునా ఒకరినొకరు "బావగారూ" అని పిలుచుకుంటూ, ఏడాది పొడుగునా మర్యాదల దగ్గర తగాదా పడుతూ వచ్చారు.

పోయిన ఏటి నవమి వెళ్లాక పదిహేడో శిలాఫలకం పుండరీకాక్షం గారి గేటు ముందు పడింది. ఆవిష్కరణ నాడు ఆయన పొంగిపోయారు. తమ గుమ్మానికి పట్టిన అదృష్టమని అతిథులందరికీ కొబ్బరినీళ్లు ఇచ్చారు. అతిథులు వెళ్లాక కూరల సంచి పట్టుకుని గేటు తోశారు. ఆ గేటు బయటికి తెరుచుకునేది. నాలుగు అంగుళాలు కదిలి, నల్లరాతికి తగిలి టంగుమంది.

మళ్లీ తోశారు. మళ్లీ టంగుమంది.

ఫలకం ముఖం రోడ్డుకు, వీపు ఆయన ఇంటికి. ఆయన ఫలకానికి వీపు చూపరాదు గాని, ఫలకం ఆయనకు చూపవచ్చు. నాటి నుంచి ప్రహరీకి ఇటొక ముక్కాలిపీట, అటొక ముక్కాలిపీట వేసుకుని పుండరీకాక్షం గారు గోడ ఎక్కి దిగడం నేర్చారు.

"ఇన్నాళ్లూ ఉత్తరాలు అందరి గోడల మీంచీ పడేయించారు. ఇప్పుడు మీ వంతు వచ్చింది," అనేది భార్య సుభద్రమ్మ, లోపలి నుంచి పంచె కొంగు సర్ది అందిస్తూ.

అక్కడికి బాగానే ఉంది. కష్టమంతా మూడవ నిబంధనను మండలి నిజంగానే చదవడంతో వచ్చింది. ఫలకాలు రోడ్డుకు అటూ ఇటూ ఉన్నాయి. ఉత్తరంగా నడిచేవాడు దక్షిణాన ఉన్న ఫలకాలకు వీపు చూపుతున్నాడు. రోడ్డు అడ్డంగా దాటేవాడు, పడమటి ఫలకాలకు ముఖం చూపుతూనే తూర్పు ఫలకాలకు వీపు చూపుతున్నాడు. బస్సులకైతే వీపు మీద ప్రకటనలు కూడా ఉన్నాయి. ఈ అగౌరవాన్ని గుర్తించి మండలి 'నిర్మాణకాల రాకపోకల నిర్వహణ ప్రణాళిక' ప్రకటించింది. దాని ప్రకారం మిల్లు రోడ్డు మీద ఎవరూ నడవరాదు, నిలవరాదు, దాటరాదు. తూర్పు నుంచి పడమటికి పోదలచినవారు ఊరి వెలుపలి చెరకు ఫ్యాక్టరీని చుట్టి పదకొండు కిలోమీటర్లు ప్రయాణించవలెను. నిర్మాణ వాహనాలకు మాత్రమే రోడ్డుమీద ప్రవేశం. నిర్మాణ వాహనాలనగా ఫలకాలు తెచ్చు లారీలు, వాటిని నిలబెట్టు క్రేను, షామియానా బండ్లు, కుర్చీల బండ్లు, పూలదండల ఆటో. ఇవి ముఖ్య అతిథి వెంట వచ్చునవి గనుక నిబంధన వర్తించదు.

కాపలాకు ఎర్రన్న అనే హోంగార్డును పెట్టారు. అతడు మంచివాడు. ఈల మాత్రం చెడ్డది.

"అయ్యా, అయ్యా! వీపు! వీపు!" అని అరిచేవాడు, ఎవరైనా పొరపాటున రోడ్డు మీద అడుగుపెడితే.

"మరి ఎటు తిరగమంటావోయ్?"

"ఎటు తిరిగినా తప్పేనండి. అందుకే రావద్దనేది."

అలా అరవై అడుగుల దూరంలో ఉన్న వియ్యంకులిద్దరూ మాట్లాడుకోవడానికి వీరభద్రయ్య గారు దుకాణంలో పాతసరుకు అమ్మకాలప్పుడు వాడే చేతిమైకు బయటికి తీశారు. పుండరీకాక్షం గారు భజన సమాజం మైకు తెప్పించుకున్నారు.

నవమి తొమ్మిది రోజుల్లోకి వచ్చింది. ఆనాటి ఉదయం పడమటి నుంచి మైకు గరగరలాడింది.

"బావగారూ! మా పందిరి పడుతోంది. తాటాకు దిగింది. మరి పిల్లను ఎలా తెస్తారు?"

"తెస్తాం బావగారూ! ఇరవై రెండేళ్లలో ఎన్నడైనా ముహూర్తం తప్పించామా?"

"తప్పిస్తే మాత్రం మావాడికి ఇంకో సంబంధం చూసే ఉద్దేశం లేదండోయ్! ఆయనది ఏకపత్నీవ్రతం! అభిజిల్లగ్నం మధ్యాహ్నం పన్నెండింటికి. క్షణం దాటితే నేను సభలో తలెత్తుకోలేను!"

రెండు పక్కలా జనం నవ్వారు గాని పుండరీకాక్షం గారికి నవ్వు రాలేదు. లోకంలో ఎన్ని ఆలస్యాలైనా ఆయన ఓర్చుకోగలరు. కన్నబిడ్డలు లేని ఆ ఇంట ఏడాదికొకసారి పెళ్లికూతురయ్యే ఆ తల్లి, ముహూర్తం వేళకు పీటల మీద లేకపోవడమన్న ఆలోచన ఒక్కటే ఆయన ఓర్వలేరు. ఆ పూటే గోడ దిగి, ఆటో కట్టించుకుని, పదకొండు కిలోమీటర్లు తిరిగి, పడమటి వైపున ఉన్న మండలి కార్యాలయానికి వెళ్లారు.

సమన్వయాధికారి పరాంకుశం గారు నిండైన విగ్రహం. ఆయన మాట కూడా ఉత్తర్వులాగే విషయము, సూచికలతో మొదలయ్యేది.

"తమ రాక విషయము?"

"మా అమ్మాయి రోడ్డు దాటాలండి. నవమి నాడు. మధ్యాహ్నం పన్నెండింటికి పెళ్లి."

"శుభం. వధువు పేరు?"

"సీతమ్మవారు."

"పాదచారియా, వాహనమా?"

"పల్లకి అండి."

పరాంకుశం గారు ఒక లావుపాటి పుస్తకం తిరగేశారు. "పల్లకికి చక్రములు లేవు. కావున వాహనము కాదు. లోపల కూర్చున్నవారు నడవరు. కావున పాదచారి కాదు. మోయువారు నలుగురు నడచుదురు గాని, ప్రయాణించువారు వారు కారు. తమ పల్లకి ప్రణాళికలో ఏ తరగతికీ చెందదు. ఏ తరగతికీ చెందనిది రోడ్డుమీద ఉన్నట్లు మండలి భావించజాలదు."

"ఉన్నట్లు భావించకపోతే దాటితే తప్పేమిటండి?"

"దాటినట్లు కూడా భావించజాలము. దాటినట్లు భావించనప్పుడు అవతలికి చేరినట్లు ధ్రువీకరణ ఇవ్వజాలము. పెళ్లి చెల్లదు."

పుండరీకాక్షం గారు చెమట తుడుచుకున్నారు. "పోనీ, అసలు అభ్యంతరం వీపు గురించే కదండీ. పిల్లను వెనక్కి తిప్పి కూర్చోబెడతాం."

"పడమటి ఫలకములకు వీపు అగును."

"పక్కకు తిప్పితే?"

"పక్కకు తిరిగి ప్రయాణించు విషయమై సాంకేతిక కమిటీ వేయబడినది. వారు ఎండ్రకాయల నడకను పరిశీలించుటకు సముద్రతీరమునకు వెళ్లి ఉన్నారు." ఆయన గొంతు కొంచెం మెత్తబడింది. "నేనూ భక్తుడనే పోస్టుమాస్టరు గారూ. ఒక సూచన చేస్తాను. ఇరుపక్షములూ ఎవరి ఇంట వారు ఉండి, ఫోనులో ఒకరికొకరు కనబడునట్లు పెళ్లి జరిపించవచ్చును. మా మండలి సమావేశములన్నీ అట్లే జరుగుచున్నవి."

"మంగళసూత్రం?"

"తెర మీద చూపించవచ్చును."

పుండరీకాక్షం గారు లేచి నిలబడ్డారు. చెవులు రెండూ మూసుకుని "రామ రామ" అనుకున్నారు. వెళ్లబోతూ గడప దగ్గర ఆగి, "ఇంతకీ ఈ రోడ్డు మీద దాటగలిగే ప్రాణి ఎవరూ లేరాండీ?" అని అడిగారు.

"ఎందుకు లేరు? ముఖ్య అతిథి దాటవచ్చును," అన్నారు పరాంకుశం గారు. అని, పెద్దగా నిట్టూర్చారు. "ముఖ్య అతిథి దొరికితే కదా. నలభై ఒకటో ఫలకం ఎనిమిది నెలలుగా ఆగి ఉన్నది. అది చివరిది. చివరి ఫలకం మీద పేరు వేస్తే తమను చివరివారిగా లెక్కించెదరని ఏ మహనీయుడూ ఒప్పుకొనుట లేదు. అది లేచినగాని పార వేయరాదు. తమ వీరభద్రయ్య గారి వీధి మొగలోనే దాని స్థానము."

పుండరీకాక్షం గారు మళ్లీ పదకొండు కిలోమీటర్లు తిరిగి, గోడ దూకి, అరుగు మీద కూలబడ్డారు. సుభద్రమ్మ మజ్జిగ ఇచ్చి సంగతంతా విన్నది. చాట తీసుకుని కల్యాణానికి తలంబ్రాల బియ్యం ఏరుతూ, తలెత్తకుండానే అన్నది.

"ముఖ్య అతిథి అయితే దాటనిస్తారా?"

"ఆహా."

"అతిథి దొరకలేదంటున్నారా?"

"దొరకలేదు."

"మన పిల్లకేం తక్కువండీ? జనకమహారాజు గారి కూతురు. మీకు నోట్లో నాలుక లేదు గాని."

మజ్జిగ పొలమారింది. దగ్గు తగ్గాక పుండరీకాక్షం గారు భార్యను చాలాసేపు తేరిపార చూశారు. నలభై ఎనిమిదేళ్లుగా తాను రామాయణం చదువుతున్నారు. అది ఎవరికి అర్థమైందో ఆయనకు ఆ క్షణాన తెలిసింది.

మర్నాడు 'ముఖ్య అతిథి సమాచార పత్రం' తెచ్చుకుని, స్నానసంధ్యలు ముగించి, పూజగదిలోనే కూర్చుని నింపారు. అబద్ధం ఒక్కటి రాయకూడదని ఆయన నియమం. రాయనవసరమూ కలగలేదు.

పేరు: సీతామహాలక్ష్మి. తండ్రి పేరు, హోదా: జనకుడు, మిథిలా రాజ్యాధిపతి. మామగారి హోదా: కోసల రాజ్యాధిపతి. పూర్వానుభవం: భారీ విల్లు ఉంచిన పెట్టెను బాల్యంలో స్వయంగా జరిపినవారు. ప్రజాదరణ: తరతరాలుగా. స్థిరాస్తి: భూమి యావత్తూ, తల్లిగారి తరఫున. ప్రసంగం ఎంతసేపు: చేయరు. రాకకు ఇష్టపడు తేదీ: శ్రీరామనవమి, పన్నెండు గంటలకు అరగంట ముందు.

పరాంకుశం గారు పత్రం అందుకుని చదవసాగారు. చదువుతున్నకొద్దీ కుర్చీలో నిటారుగా అయ్యారు.

"రెండు రాజ్యములతో సంబంధము! ప్రోటోకాల్ ప్రకారం ముందు నలభై మందిలో ఈ స్థాయి ఒక్కరికీ లేదు." స్థిరాస్తి దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "యావత్తూనా?"

"యావత్తూ అండి."

"అయితే మా భూసేకరణ?"

"అమ్మ ఎవరికీ అడ్డు చెప్పే మనిషి కాదండి. ఓర్పు ఎక్కువ."

"ఎనిమిది నెలలుగా ఎదురుచూసిన అతిథి! చివరి ఫలకమైనందుకు ఆమెకు అభ్యంతరం ఉండదు గదా?"

"అడవికి కూడా అభ్యంతరం చెప్పకుండా వెళ్లిన పిల్లండి."

పరాంకుశం గారు ఆకుపచ్చ సిరాతో సంతకం చేశారు. ఆ పని భక్తితో చేశారో, ఎనిమిది నెలల విసుగుతో చేశారో ఆ భగవంతుడికే తెలియాలి. మొత్తానికి చేశారు.

శ్రీరామనవమి వచ్చింది. పొద్దున పది గంటలకే రోడ్డుకు ఇరుపక్కలా పచ్చతోరణాలు కట్టారు. మండలి వారి తోరణాలు, పెళ్లివారి తోరణాలు కలిసిపోయి, ఏవి ఎవరివో తెలియలేదు. పల్లకి సిద్ధమైంది. ఎర్రపట్టుచీర, బుగ్గచుక్క, తలనిండా మల్లెలతో సీతమ్మవారు కూర్చున్నారు. నలుగురు బోయీలు ఎత్తి గేటు దాకా తెచ్చారు.

టంగు.

ముఖ్య అతిథి హోదా నిశ్చయం చేయడంలో పడి పదిహేడో ఫలకం సంగతి అందరూ మరిచారు. పదకొండు దాటి అయిదు నిమిషాలైంది.

"ఫలకాన్ని రెండడుగులు జరపండి బాబూ!" అన్నారు పుండరీకాక్షం గారు.

"కదపరాదు," అన్నారు పరాంకుశం గారు. ఆయన కూడా చెమటలు కారుస్తున్నారు. "ముఖ్య అతిథి కొరకైనను మరొక ముఖ్య అతిథిని కదపరాదు."

"పోనీ గోడ పడగొట్టండి."

"అది పడగొట్టు పని. దానికి వేరే శంకుస్థాపన ఉండవలెను."

"పడగొట్టడానికి శంకుస్థాపనా?"

"తదుపరి కట్టుదురు గదా!"

అప్పుడు ఎర్రన్న, ఈల నోట్లోంచి తీసి, మొట్టమొదటిసారిగా పనికొచ్చే మాట అన్నాడు. "క్రేనుందిగా సార్."

నలభై ఒకటో ఫలకాన్ని నిలబెట్టి వచ్చిన క్రేను ఇంకా అక్కడే ఉంది. పసుపు పూసిన కొత్త తాళ్లు కట్టారు. మంగళవాద్యాలు మోగాయి. పల్లకి నేల విడిచి, ప్రహరీ మీంచి, విద్యుత్తు తీగలకు జానెడు ఇవతల నుంచి మెల్లగా ఊగుతూ ఆకాశమార్గాన రోడ్డు మీదికి రాసాగింది. కింద ముత్తైదువలు పైటచెంగులు పట్టి నిలబడ్డారు, పొరపాటున జారితే పట్టుకోవచ్చునని.

"ఆహా! అచ్చం విమానంలో..." అనబోయాడు ఒక పెద్దమనిషి.

"శుభమా అని పెళ్లికి వెళ్తుంటే ఆ విమానం మాట ఎత్తకండి!" అని సుభద్రమ్మ ఒక్క కసురు కసిరింది. పెద్దమనిషి నాలుక కరుచుకున్నాడు.

పల్లకి రోడ్డు మీద దిగింది. పదకొండున్నర. ముందు పోలీసు మోటారు సైకిలు, వెనుక పూలదండల ఆటో, దాని వెనుక పల్లకి. అరవై అడుగుల దూరానికి సైరను మోగుతూ కదిలింది. సగం దారిలో పరాంకుశం గారు చేతులు అడ్డంగా చాచారు.

"ఆగవలెను! వేళ ఇంకా కాలేదు."

"పదకొండున్నరే కదండీ రాసింది?"

"రాసినది వచ్చుటకు కాదు. ముఖ్య అతిథి రాసిన వేళకు వచ్చుట ఈ మండలి చరిత్రలో లేదు. కనీసం రెండు గంటలు ఆలస్యము కానిదే వేదిక మీదికి ఆహ్వానించుట అగౌరవము. వక్తలు ఇంకా ఇళ్లలోనే ఉన్నారు!"

పడమటి నుంచి చేతిమైకు అరిచింది. "బావగారూ! పదకొండూ నలభై! పానకాలు వేడెక్కిపోతున్నాయి! మావాడు పీటల మీద కూర్చున్నాడు!"

పుండరీకాక్షం గారు పల్లకి కొమ్ము పట్టుకుని నిలబడి, లోపలి తల్లి ముఖం వైపు చూశారు. ఆమె ముఖంలో ఎప్పటి చిరునవ్వే ఉంది. ఆ నవ్వు చూసి ఆయనకు ఒక మాట తట్టింది. ఇంతవరకూ దాచుకున్న పోస్టుమాస్టరు గొంతు బయటికి తీశారు.

"పరాంకుశం గారూ! ఆలస్యం ఎన్ని గంటలు ఉండాలన్నారు?"

"రెండు."

"అమ్మ బయలుదేరవలసింది ఏనాడు? ఈ రోడ్డు మొదటి కొబ్బరికాయ కొట్టిన నాడు. ముఖ్య అతిథి మూడేళ్లు ఆలస్యంగా వచ్చింది. ఈ పాటి ఆలస్యం ముందు నలభై మందిలో ఎవరైనా చేశారా?"

పరాంకుశం గారు వేళ్ల మీద లెక్క కట్టారు. ముఖం విచ్చుకుంది. "చేయలేదు. ఇది అన్ని ఆలస్యములకూ మించిన ఆలస్యము. దయచేయండి, దయచేయండి!"

ఆవిష్కరణ క్షణంలో అయింది. తెర తాడు కొస అమ్మవారి పూలదండకు ముడివేసి, కన్యాదాత లాగారు. నల్లరాతి మీద బంగారు అక్షరాలు మెరిశాయి. వెంటనే అలవాటుకొద్దీ ఎవరో పల్లకి ముందు మైకు పెట్టి, "ముఖ్య అతిథి గారు రెండు మాటలు మాట్లాడవలసిందిగా కోరుచున్నాము," అన్నారు.

జనమంతా నిశ్శబ్దమయ్యారు. అమ్మవారు మాట్లాడలేదు. ఒక కోయిల మాత్రం ఎక్కడో కూసింది. నిమిషం గడిచింది. గడియారం పదకొండూ యాభై రెండు చూపింది. హఠాత్తుగా జనం చప్పట్లు కొట్టారు. కొట్టడం ఆపలేదు. మూడేళ్లలో ఆ రోడ్డు మీద అంత మంచి ప్రసంగం వినలేదని ఎర్రన్న కళ్లు తుడుచుకున్నాడు.

ఆ చప్పట్ల మీదుగానే బోయీలు పరుగు తీశారు. పన్నెండింటికి జీలకర్ర బెల్లం పడింది. పురోహితుడు మాంగల్యం పైకెత్తి నాలుగు దిక్కులా చూపగా, తూర్పు వారూ పడమటి వారూ ఒక్కసారే చేతులు జోడించారు. తలంబ్రాలు పందిరి దాటి రోడ్డు మీదికి, నలభై ఒకటో ఫలకం నెత్తి మీదికి కూడా రాలాయి. పుండరీకాక్షం గారు కాళ్లు కడిగిన నీళ్లు నెత్తిన చల్లుకుని, ఒక మూల చేరి, ఏటా ఏడ్చినట్లే ఈ ఏడూ ఏడ్చారు.

పానకాలు పంచే వేళకు పరాంకుశం గారు ఫైలు చంకన పెట్టుకుని వచ్చారు. ఆనందంతో ఆయన అధికార భాష కూడా కొంచెం తడబడింది.

"పోస్టుమాస్టరు గారూ! నలభై ఒకటీ పూర్తయినవి. రేపే పార! ముఖ్య అతిథి తరఫున ధ్రువీకరణ సంతకం ఒక్కటి దయచేయండి."

"నేను చేయకూడదండి," అన్నారు పుండరీకాక్షం గారు వినయంగా. "ఉదయం అయితే నా కూతురే. ఇప్పుడు నీళ్లు వదిలి దానం చేసేశాను. ఆమె తరఫున సంతకం అత్తవారు చేయాలి."

వీరభద్రయ్య గారిని పిలిచారు. ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఫలకం ముందు నిలబడి, పైనుంచి కిందికి రెండుసార్లు చదివారు. మూతి బిగిసింది.

"ఇందులో మావాడి పేరేదీ?"

పరాంకుశం గారు తెల్లబోయారు. "ముఖ్య అతిథి ఆమె కదండీ."

"ఎంత అతిథి అయితే మాత్రం? మగపెళ్లివారి పేరు లేకుండా రాయి నిలబెడతారా, మా వీధి మొగలో? బావగారూ, ఇదేనా మర్యాద?"

"ఫలకం నేను చెక్కానా బావగారూ?"

"అదంతా నాకు తెలియదు. మావాడి పేరు పైన ఉండాలి. పక్కన కోడలి పేరు. మా చిన్నబ్బాయి లక్ష్మణుడు అలిగే రకం కాదు గాని, మేం అలుగుతాం, ఆయన పేరూ ఉండాలి. కింద ఆంజనేయస్వామి. పరివారం పేర్లు కూడా పడితేగాని నేను సంతకం పెట్టను."

పరాంకుశం గారు పిడుగు పడినవారిలా నిలబడి, చివరికి అలవాటే ఆదుకోగా, కలం విప్పారు. "చెప్పండి. పరివారమున ఎవరెవరు? హోదాలతో సహా."

"మా ఇంజనీరు నలుడు," అన్నారు వీరభద్రయ్య గారు ఛాతీ విరుచుకుని. "నూరు యోజనాల వారధి అయిదు రోజుల్లో కట్టినవాడు."

కలం ఆగింది. "అయిదు రోజులా? ఆ పనికి శంకుస్థాపన ఎవరు చేశారు?"

"ఎవరూ చేయలేదు."

"అయితే అది అక్రమ కట్టడమండీ!" పరాంకుశం గారు దిక్కుతోచక కన్యాదాత వైపు తిరిగారు. "కనీసం ఒక శిలాఫలకమైనా ఉన్నదా పోస్టుమాస్టరు గారూ?"

"లేదండి," అన్నారు పుండరీకాక్షం గారు, చల్లని పానకం గ్లాసు ఆయన చేతిలో పెడుతూ. "దొరికిన రాళ్లన్నీ వారధికే వేసేశారు."